పిల్లల వరస

పొద్దుటి ప్రార్థన ముగించి, తోలు జపమాలను మేకుకు తగిలించి అకులీనా వంటింట్లోకి వచ్చేసరికి కోడలు అన్‌ఫీసా పొయ్యి దగ్గర నిలబడి గోధుమ నూక జావ కలుపుతోంది. కిటికీ అవతల వీధి పొడుగునా ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. అవే గోడలు, అవే ఎర్ర కప్పులు, అదే ఇనప గేటు. వచ్చిన మొదటి ఏడాది అకులీనా రెండుసార్లు పక్కింటి తలుపు తట్టి, ఎవరో తెలియని మనిషి తలుపు తీస్తే "మా ఇంట్లో మీరేం చేస్తున్నారు?" అని అడిగింది. ఇప్పుడు మూడేళ్ళయింది. తలుపు తప్పడం మానేసింది కాని, దీన్ని మా ఇల్లు అనడం ఇంకా నోటికి రాలేదు.

ఆమె పై అరలోంచి రెండు తెల్ల గిన్నెలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత వంగి, అన్నిటికంటే కింది అరలో విడిగా ఉన్న ఇంకో గిన్నె, చెక్క చెంచా, ఒక మట్టి లోటా తీసింది. లోటా చెవికి ఎర్ర దారం కట్టి ఉంది, పొరపాటున కూడా మిగతావాటితో కలిసిపోకుండా. వాటిని కడగడం విడిగా, ఆరబెట్టడం విడిగా. ఆ గిన్నె ఆమె కొడుకు సవ్వాది.

సవ్వా తల తుడుచుకుంటూ వచ్చాడు. "క్రీస్తు లేచాడమ్మా" అన్నాడు.

ఈస్టర్ వెళ్ళి అది ఆరో రోజు. నలభై రోజుల పాటు ఎవరు ఎవరికి ఎదురైనా ఆ మాట చెప్పుకోవాలి. అవతలివాళ్ళు "నిజంగా లేచాడు" అని మూడుసార్లు ముద్దుపెట్టుకోవాలి. అకులీనా జావలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు కుండలోకి వంగింది.

"నిజంగా లేచాడు" అంది అన్‌ఫీసా, ఇద్దరి తరఫునా.

సవ్వా బల్ల చివర, తన చోట కూర్చున్నాడు. అకులీనా కళ్ళు అతని నడుం మీద పడ్డాయి. వాళ్ళ పాత క్రైస్తవ ఆచారంలో ఆడైనా మగైనా నడికట్టు లేకుండా దేవుడి ఎదట నిలబడరు, అన్నం ముట్టరు. చలికాలం ముందు నించీ సవ్వా నడుముకు కొట్లో దొరికే బూడిదరంగు తాడే ఉంటోంది.

"అన్‌ఫీసా, కొట్టు తాడు కట్టుకుని బల్ల దగ్గరికొచ్చే పెద్దమనిషిని మళ్ళీ అడుగు. నేను చలికాలమంతా కూర్చుని అక్షరాలు నేసిచ్చిన నడికట్టు ఏమైందో."

"ఇక్కడే ఉన్నాడు కదత్తయ్యా. చెవులు కూడా ఉన్నాయి. మీరే అడగండి."

"పోయిందమ్మా" అన్నాడు సవ్వా.

"పోయిందట. నలభై ఆరేళ్ళ మగాడి నడుం మీంచి నడికట్టు జారిపోయిందట. లోపల ప్యాంటైనా మిగిలిందా, అడుగు."

అన్‌ఫీసాకు నవ్వొచ్చింది. సవ్వా మీసాల్లో కూడా ఏదో కదిలింది. కాని అకులీనా నవ్వలేదు కనక ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

ఇదంతా ఆటలతో మొదలైంది. సముద్రం పక్కనున్న పల్లంలో, ఆమె తాతల కాలంలో అంతా బురద. కప్పలు, జమ్ము, దోమలు. చర్చి మార్చినా తాము పాత ఆచారం విడిచేది లేదన్న పట్టుదలతో ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు ఆ బురదకు కాలవలు తవ్వి ఎండగట్టారు. ఆ పనిలో మలేరియాకు పిల్లల్ని పోగొట్టుకున్నారు. తర్వాత ఆ నల్లమట్టి ఏడాదికి మూడు పంటలు ఇచ్చింది. క్యాబేజీ, దోస, టమాటా, పెరట్లో అంజూరం. వందేళ్ళు గడిచాక ప్రపంచమంతా చూసే చలికాలపు ఆటల పోటీలు ఈ పల్లంలోనే జరుగుతాయని కబురొచ్చింది. మొదట కొలతలవాళ్ళు వచ్చారు. ఆ చలికాలంలోనే అకులీనా భర్త యెఫ్రేమ్ చనిపోయాడు. తర్వాత యంత్రాలు వచ్చాయి. ఊరుకు ఊరంతా కొండ వాలు మీద కట్టిన ఈ కొత్త వీధిలోకి లేచిపోయింది. ఇక్కడ పెరట్లో పార వేస్తే ఇటుక ముక్కలు తగులుతాయి.

కదలనిది ఒక్కటే, సమాధుల తోట. దాన్ని మాత్రం ముట్టనిచ్చేది లేదని ఊరు మొత్తం ఒకటై నిలబడింది. సరే, ఉంచుతాం అన్నారు. అలా ఆటల మైదానం మధ్యలో, జ్వాల వెలిగించే స్తంభానికి కూతవేటు దూరంలో, ఆ తోట మిగిలింది. కట్టినంత కాలమూ, ఆటలు జరిగినంత కాలమూ మాత్రం లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు.

ఆ మైదానం కట్టే పనికి మనవాళ్ళెవరూ చెయ్యి పెట్టకూడదని ప్రార్థనాలయంలో అందరూ కలిసి అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే సవ్వా వెళ్ళి చెట్ల పనిలో చేరాడు. ఆదివారాలు పని చేశాడు, వాళ్ళ క్యాంటీన్లో అందరితో కలిసి తిన్నాడు. కట్టుబాటు దాటినవాడికి వేరే గిన్నె పెట్టాలి, పక్కన నిలబడి ప్రార్థించకూడదు, ఈస్టర్ ముద్దు పెట్టకూడదు. ఇది అకులీనా కనిపెట్టిన నియమం కాదు. ఆమె అమ్మ పాటించింది, అమ్మమ్మ పాటించింది. ఇది దేవుడు పెట్టిందా, పెద్దలు పెట్టిందా అన్న ప్రశ్న ఆమెకు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా జపమాల కాస్త వేగంగా తిప్పేది.

జావ అయిపోతుండగా కార్ప్ తాత వచ్చాడు. ప్రార్థన నడిపించే పెద్ద ఆయనే. చంకలో ఒక నోటుపుస్తకం ఉంది.

"క్రీస్తు లేచాడు!"

"నిజంగా లేచాడు" అన్నారు అకులీనా, అన్‌ఫీసా. సవ్వా కూడా అన్నాడు. తాత అతని వైపు చూడకుండా తల ఊపాడు.

"మంగళవారానికి అనుమతి వచ్చింది చెల్లెమ్మా. పది గంటల నించి పన్నెండు దాకా. పేర్లు రాసుకుంటున్నా. గుర్తింపు కార్డు తెచ్చుకోవాలట."

మంగళవారం రాదోనిత్సా. చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళి క్రీస్తు లేచాడని వాళ్ళకు కూడా చెప్పి వచ్చే రోజు. మూడేళ్ళుగా ఆ మాట ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

"సమాధుల దగ్గరికెళ్ళడానికి కార్డా?" అంది అకులీనా.

"లోపల పడుకున్నవాళ్ళని అడగలేదు. అదే సంతోషం అనుకో." తాత నోటుపుస్తకం తెరిచాడు. "నువ్వు, అన్‌ఫీసా. మరి..." అని ఆగాడు.

"అంతే" అంది అకులీనా.

"అత్తయ్యా, ఆయన తండ్రి అక్కడున్నాడు" అంది అన్‌ఫీసా.

"నాకు తెలీదా?"

"దీంట్లో పెద్ద చిక్కేం లేదమ్మా" అన్నాడు కార్ప్ తాత. "ఈ వీధిలో ముగ్గురు వెళ్ళి పనిచేశారు. వచ్చి, తప్పయిందన్నారు, ఆరు వారాలు ఉపవాసం ఉన్నారు, వంగి దండాలు పెట్టారు. కలిపేసుకున్నాం. సవ్వా ఆ ఒక్క మాటంటే ఇవాళే పేరు రాసేస్తా. ఉపవాసం తర్వాత చూసుకుందాం."

"తప్పు చేశాననిపిస్తే అంటాను తాతా" అన్నాడు సవ్వా. "అనిపించకుండా అంటే అది ఇంకో తప్పు."

"చూశావా" అంది అకులీనా తాతతో. "మాట ఎంత నున్నగా వస్తుందో."

కార్ప్ తాతకు గొడవలు పడవు. మాట మార్చబోయాడు. "అయినా నీ చెట్లు బాగా ఎదిగాయిరా సవ్వా. మొన్న రోడ్డు మీంచి చూశా. చుట్టూ గోడలా నిలబడ్డాయి. అటు నించి ఒక్క శిలువ కూడా కనపడటం లేదు."

అకులీనా చెంచా బల్ల మీద పెట్టేసింది.

"ఏ చెట్లు?" అంది అకులీనా.

తాత నోటుపుస్తకం మూశాడు. "నాకింకా నాలుగిళ్ళున్నాయి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అకులీనా ఇన్నాళ్ళలో మొదటిసారి కొడుకును సూటిగా చూసింది. చెట్ల పని అంటే రోడ్ల పక్కన ఈతచెట్లనుకుంది. వచ్చేపోయేవాళ్ళ కంట సమాధులు పడకుండా చుట్టూ నిటారుగా, దట్టంగా ఎదిగే సైప్రస్ చెట్లు పెట్టించారని విన్నది. ఆ గోతులు తవ్విన చేతులు ఎవరివో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

"నువ్వా నాటింది?"

"నేనే."

"మీ నాన్న మొహం మీద తెర కట్టింది నువ్వా? టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళకి ఆయన శిలువ చూస్తే ఆట చెడిపోతుందని, నువ్వు కప్పెట్టావా?"

"ఎవరో ఒకరు నాటేవాళ్ళమ్మా."

"ఎవరో ఒకరు నాటనీ. నా కొడుకే దొరికాడా?" ఆమె లేచి నిలబడింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి బల్ల అంచు పట్టుకుంది. గొంతు తగ్గింది. "సవ్వా. ఆ అంచున పిల్లల వరస ఉంది. ఫెవ్రా అక్కడుంది."

ఫెవ్రా సవ్వా చెల్లెలు. నాలుగు నెలలు బతికింది. పిల్లల సమాధులకు రాళ్ళు పెట్టరు. చిన్న చెక్క శిలువ పెడతారు, అది పదేళ్ళకు మట్టిలో కలిసిపోతుంది. ఆ వరస ఎక్కడుందో చూపించే గుర్తు మట్టి మీద ఏమీ లేదు. తల్లులకు మాత్రమే తెలుసు.

"అంత పెద్ద చెట్లకి గోతులు ఎక్కడ తవ్వావు? చెప్పు. దాని మీదేనా?"

సవ్వా లోటాలోని నీళ్ళు తాగి కింద పెట్టాడు. "రెండేళ్ళు ఈ లోటాలో తాగాను. అక్కడేం చేస్తున్నావురా అని ఒక్క రోజు అడగలేదు నువ్వు. అన్నం తిన్నావా అని అడగలేదు. పోయిన చలికాలం ముందు నన్ను పనిలోంచి తీసేశారు, ఎందుకు తీసేశారని కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నావు."

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది అన్‌ఫీసా.

"నువ్వూరుకో." సవ్వా లేచాడు. "మంగళవారం వెళ్తున్నారుగా. వెళ్ళి చూసుకోండి."

తలుపు తీసుకుని బయటకు నడిచాడు. అకులీనా అతని గిన్నె ఎత్తి కడగబోయింది. జావ సగం అలాగే ఉంది.

మంగళవారం దాకా ఇంకా రెండు రోజులుంది. అకులీనా ఉల్లితొక్కలు వేసి గుడ్లు ఉడకబెట్టింది, తేనె కలిపిన గోధుమలు వండింది. ప్రార్థనలో నిలబడితే దేవుడి పటం ముందు దీపం కాకుండా మట్టి తవ్వే యంత్రం కనిపించేది. ప్రభువా, బిడ్డను ఒకసారి నీకిచ్చాను, ఇంకోసారి ఎందుకు అడుగుతున్నావు అనుకునేది. అనుకున్నందుకు మళ్ళీ వంగి దండాలు పెట్టేది. సోమవారం సాయంత్రానికి మోకాళ్ళు వాచాయి.

మంగళవారం తెల్లవారి సవ్వా వంటింటి గుమ్మంలో ఆగి, "క్రీస్తు లేచాడమ్మా" అన్నాడు, రోజూ అన్నట్టే. ఆమె గుడ్లు మూట కడుతూ ఉండిపోయింది.

సోచి నగరం వైపు పోయే బస్సులో ఊరివాళ్ళు ఇరవై మంది దాకా ఎక్కారు. సవ్వా కూడా ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. లోపలికి రానివ్వరని తెలిసి ఎందుకొస్తున్నాడని ఎవరూ అడగలేదు. పార్కు గేటు ముందు దిగి, అతను పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళు వరసలో నిలబడ్డారు.

తనిఖీ చేసే ఇనప చట్రం గుండా ఒక్కొక్కరినే పంపుతున్నారు. కార్ప్ తాత ధూపపాత్ర చూసి యూనిఫాంలో ఉన్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"నిప్పు లోపలికి పనికిరాదు తాతా."

"వెలిగించలేదు కదమ్మా. పిడికెడు బొగ్గులు."

"బొగ్గులైనా అంతే. తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోండి. బామ్మా, ఆ మూటలో ఏంటి?"

"గుడ్లు" అంది అకులీనా. మూట విప్పి, అలవాటు కొద్దీ ఒకటి తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "క్రీస్తు లేచాడు తల్లీ."

అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. ఆ నవ్వుతోనే చిన్నపిల్లలా మారిపోయింది. "నిజంగా లేచాడు బామ్మా" అంది.

అకులీనా రెండడుగులు వేసి ఆగింది. పార్కు బట్టలు వేసుకున్న ముక్కూమొహం తెలియని పిల్లకు ఆ మాట ఎంత తేలిగ్గా ఇచ్చేసింది. వెనక్కి తిరిగితే గేటు కమ్మీల సందులోంచి బెంచీ కనిపిస్తోంది. సవ్వా మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి నేల చూస్తున్నాడు. అన్‌ఫీసా అత్తయ్య మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

తెలిసిన దారి ఒక్కటీ లేదు. ఊరు ఉన్నచోట నున్నటి రాతి బాట, దాని మీద సందర్శకులను తిప్పే తెల్ల బండి. స్తంభం దగ్గర పాటలేవో మోగుతున్నాయి. రెండు నిలువుల పొడుగు సైప్రస్ చెట్లు భుజం భుజం ఆనించుకుని గుండ్రంగా నిలబడ్డాయి. ఐస్‌క్రీం తింటూ పోతున్న జంటలకు లోపల ఏముందో తెలియదు. చెట్ల మధ్య ఒక చిన్న గేటు. దాన్ని దాటగానే ఎనిమిది కొసల శిలువలు కనిపించాయి. అకులీనా నిలబడ్డచోటే నేలకు నుదురు ఆన్చింది.

యెఫ్రేమ్ సమాధి మీద గడ్డి ఎదిగి ఉంది. పక్కన ఖాళీ చోటు ఆమెది. ఇకమీదట ఇక్కడ ఎవరినీ పూడ్చనివ్వరట అని కార్ప్ తాత పోయిన నెలలోనే చెప్పాడు. ఆమె ఆ ఖాళీ మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీసేసింది. అక్కడ ఆగలేకపోయింది. లేచి, భర్త కాళ్ళ దగ్గర్నుంచి తూర్పుకు తిరిగి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. తొమ్మిది, పది, పదకొండు.

పదకొండో అడుగు దగ్గర సైప్రస్ లేదు.

గోడలా వచ్చిన చెట్ల వరస అక్కడికి వచ్చేసరికి తెగిపోయింది. నాలుగు బారల మేర ఖాళీ. ఆ ఖాళీలో మోకాలెత్తు మట్టి దిబ్బలు కాదు, అరచేతితో సరిచేసినంత చిన్న మట్టి తిన్నెలు, ఏడు. ఒక్కోదాని చుట్టూ సముద్రం ఒడ్డు నుంచి ఏరిన గుండ్రాళ్ళు. వాటి వెనక నడుమెత్తు పొదలు మూడు, చేతివేళ్ళలా విచ్చుకున్న లేత ఆకులతో. అంజూరం.

వాళ్ళ పెరటి అంజూరం. యంత్రాలు రాకముందు సవ్వా దాని కొమ్మలు కోసి కొత్త ఇంటి వెనక డబ్బాల్లో గుచ్చాడు. ఒకరోజు ఆ డబ్బాలు కనిపించలేదు. ఎండిపోతే పారేశాడని ఆమె అనుకుంది.

మూడో తిన్నె దగ్గర ఉన్న పొద కాస్త వంగి ఉంది. దానికి ఊతంగా ఒక కర్ర పాతి, ఏదో పట్టీతో కలిపి కట్టారు. అకులీనా వంగి ఆ పట్టీని వేళ్ళ మధ్య పట్టుకుంది. వానకు, ఉప్పుగాలికి రంగు పోయి తెల్లబడింది. అయినా అక్షరాలు తడిమితే తెలుస్తున్నాయి. ఆమె నేసినవే. 'ప్రభువా, నీ దాసుడు సవ్వాను కాపాడు.'

"మావ్రా వాళ్ళ పిల్ల, మిట్కా, ఫెవ్రా..." అన్నాడు వెనకే వచ్చిన కార్ప్ తాత, తిన్నెలు లెక్కపెడుతూ. "నా తమ్ముడు కూడా ఉన్నాడు ఇక్కడ. ఏడుగురూ ఉన్నారు." ఆయన టోపీ తీశాడు. "వాడు నాకు చెప్పలేదు చెల్లెమ్మా. నేనూ అడగలేదు."

అన్‌ఫీసా కన్నీళ్ళు తుడుచుకుంటూ తలగుడ్డ సవరించుకుంది.

ప్రార్థన మొదలుపెట్టడానికి ఊరివాళ్ళు గుమిగూడుతున్నారు. అకులీనా ఫెవ్రా తిన్నె మీద ఒక గుడ్డు పెట్టింది. అంజూరం పొద నుంచి జానెడు కొమ్మ ఒకటి విరిచింది. తెల్లటి పాలు వేళ్ళకు అంటుకున్నాయి. తర్వాత అందరూ చూస్తుండగా చిన్న గేటు వైపు నడిచింది.

"అత్తయ్యా, ఇంకా మొదలవలేదు" అంది అన్‌ఫీసా.

"నువ్వుండు. నా బదులు మావయ్యకి చెప్పు."

పెద్ద గేటు దగ్గర ఆ అమ్మాయి అడ్డొచ్చింది. "బామ్మా, బయటికెళ్తే ఇవాళ మళ్ళీ లోపలికి పంపరు. ఒక్కసారే అనుమతి. ఇంకా గంటన్నర టైముంది, ఉండండి."

మూడేళ్ళు ఎదురుచూసిన గంటన్నర అది. అకులీనా తలెత్తి ఆ అమ్మాయిని చూసింది. "తెలుసు తల్లీ. నాకు బయట పనుంది" అని చట్రం దాటింది.

సవ్వా ఆమెను చూసి గాభరాగా లేచాడు. "ఏమైందమ్మా? కళ్ళు తిరిగాయా?"

"కూర్చో." ఆమె కూడా కూర్చుంది. "పదకొండు అడుగులని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఫెవ్రాని పూడ్చిన రోజు నేనున్నాగా. నాన్న పెట్టెని చంకలో పెట్టుకున్నాడు. పార నాకిచ్చాడు పట్టుకోమని. అది నాకంటే పొడుగు. ఆ మూలనున్న తాత సమాధి దగ్గర్నుంచి అడుగులేశాడు. వరసలో ఎవరెక్కడున్నారో వేలు పెట్టి చూపించాడు. మర్చిపోకురా, మీ అమ్మ ముసలిదైతే నువ్వే చూపించాలన్నాడు." అతను అరచేతులు రుద్దుకున్నాడు. "ఇప్పుడా తాత పక్కనే కదా నాన్న కూడా ఉన్నాడు. లెక్క కలిసింది."

"చెట్ల పని మాటేంటి?"

"ఆ అంచు పొడుగునా యంత్రంతో కందకం తీస్తారని తెలిసింది. అక్కడ పిల్లలున్నారయ్యా అంటే, కాగితంలో లేరన్నారు. నిజమే, కాగితంలో లేరు. ఇంకేం చెయ్యను? పనిలో చేరాను. ఆ పక్కంతా చేత్తో తవ్వుతానన్నాను. సైప్రస్‌కి నడుంలోతు గొయ్యి కావాలి. అక్కడ అంత లోతు తవ్వలేను కదమ్మా. అంజూరం కొమ్మకి జానెడు చాలు."

"మరి తీసేసింది?"

"తెరలో సందుందని పై అధికారి వచ్చి చూశాడు. ఇక్కడ కూడా సైప్రస్ పెట్టమన్నాడు. పెట్టనన్నాను. ఆటలు దగ్గరికొచ్చేశాయి, వాళ్ళకి నాతో వాదించే తీరిక లేదు. నన్ను పొమ్మని, సందుకి బయటి వైపు రంగుగుడ్డ కట్టేసుకున్నారు. ఆటలయ్యాక అది తీసేశారు." చిన్నగా నవ్వాడు. "అంతే కథ."

"నడికట్టు?"

"చివరి రోజు గాలొచ్చింది. ఫెవ్రా దగ్గరున్న మొక్క పడిపోతోంది. చేతిలో తాడు లేదు." అతను తల్లి మొహం చూసి తల వంచుకున్నాడు. "తప్పే అది. ప్రార్థన నేసిన పట్టీ. దానికి మాత్రం తప్పయిందంటాను. నాటినందుకు అనలేనమ్మా."

"నువ్వనొద్దు" అంది అకులీనా. తలగుడ్డ కొసతో మొహం కప్పుకుంది. మడి తప్పకూడదని రెండేళ్ళు కొడుకు గిన్నెను కింది అరలో పెట్టింది. ఆ రెండేళ్ళలో వాడు ఆమె కూతురు ఒళ్ళు గాయపడకుండా మట్టి చేత్తో తీశాడు. దేవుడు ఈ రెండిటిలో దేన్ని లెక్కలో వేసుకుంటాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "నేనంటాను. దండాలు నేను పెడతాను."

"మోకాళ్ళు వాచాయి నీకు. నడక చూస్తే తెలుస్తోంది."

"నా మోకాళ్ళు, నా ఇష్టం." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పొద్దున ఒక మాటన్నావు. నేను బదులు చెప్పలేదు."

"ఏ మాటమ్మా?"

"నిజంగా లేచాడు" అంది అకులీనా. అతని తల రెండు చేతులా దగ్గరకు తీసుకుని, ఒక చెంప మీద, రెండో చెంప మీద, మళ్ళీ మొదటి చెంప మీద ముద్దు పెట్టింది. సవ్వా పెద్దగా ఏడవలేదు. అతని భుజాలు మాత్రం ఆమె చేతుల కింద చాలాసేపు కదిలాయి.

లోపల పాడుతున్న ప్రార్థన లీలగా వినిపిస్తోంది. స్తంభం దగ్గరి పాటల్లో కలిసి మళ్ళీ వేరవుతోంది. తల్లీ కొడుకులు లేచి అటు తిరిగి నిలబడ్డారు. ఒక్క శిలువైనా కనిపించలేదు. అతను నాటిన చెట్లే అడ్డం.

"ఇక్కడ్నుంచి చెప్పు. మీ నాన్నకి వినపడుతుంది" అంది ఆమె.

"క్రీస్తు లేచాడు నాన్నా" అన్నాడు సవ్వా. కాస్త ఆగి, "ఫెవ్రా, క్రీస్తు లేచాడే" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాక అకులీనా పై అరలోంచి మూడు తెల్ల గిన్నెలు తీసింది. అన్‌ఫీసా మూడింటిలోనూ చేపల పులుసు పోసింది. అకులీనా కింది అర ముందు వంగి, ఎర్ర దారం కట్టిన లోటా తీసింది. దాంట్లో నీళ్ళు పోసి, అంజూరం కొమ్మ నిలబెట్టి కిటికీలో పెట్టింది.

"అన్నం తిన్నావా అని అడగలేదన్నావుగా" అంది కొడుకుతో. "తిను."

సవ్వా చెంచా తీసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. "దాన్ని పెరట్లో పెడదామా? ఇటుకలన్నీ ఏరేస్తాను."

"పెరట్లో కాదు. కొండ మీద కొత్త సమాధుల తోట ఇచ్చారుగా మనకి. అక్కడ పెట్టు. మీ నాన్న పక్కన నాకింక చోటివ్వరు." ఆమె రొట్టె తుంపి అతని గిన్నె పక్కన పెట్టింది. "దీనికి జానెడు గొయ్యి చాలు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం వదిలిపెట్టు. తర్వాత లోతుగా తవ్వాల్సింది అక్కడే."

సవ్వా గిన్నెలోకి తల వంచాడు. కాసేపటికి తినడం మొదలుపెట్టాడు. ఈసారి ఏమీ మిగల్చలేదు.